రెండు పదకొండు

మల్లేపల్లి దాటినంక కంకర తొవ్వ,
తొవ్వ చివర్ల సబ్‌స్టేషన్.
టైం డబ్బ సంకల పెట్టుకొని ఆటో దిగిన.
గేటు కాడ బిచ్చ్యా నా పేరు రాసుకున్నడు
ఎడమ చేత్తోని.
అక్షరాలు పలుపు తెంపుకున్న మేకల లెక్క
తలో దిక్కు పోయినయి.

కంట్రోల్ రూముల మూడు గడియారాలు.
గోడ మీదిది ముసలిది, ఎండకాలం మెల్లగ నడుస్తది.
రిలే లోపలిది బ్యాటరీ పోయినప్పుడల్ల
మళ్ళ పుట్టి, ఒకటో తారీఖు కాడ లేస్తది.
కంప్యూటర్‌ది ఎవరు దిద్దితే వాళ్ళ మాట వింటది.

పోయిన వానకాలం, గాలిదుమారం రాత్రి,
"దిగినం, లైనియ్యి" అని ఫోనొచ్చిందని
రిజిస్టర్ల ఈదయ్య రాసింది రెండు పదకొండు.
బ్రేకర్ పడ్డదని రిలే రాసుకున్నది రెండు తొమ్మిది.
కంప్యూటర్ల రెండు పదహారు.
తొమ్మిదికి, పదహారుకు నడుమ
బిచ్చ్యా కుడి చెయ్యి.

విచారణకొచ్చిన సార్లు మూడు కాయిదాలు పరిచి
చాయ తాగి, మళ్ళ చాయ తాగి,
ఈదయ్యకు ఒక ఇంక్రిమెంటు కోసి పోయిండ్రు.
ముందు ఫోనా, ముందు బ్రేకరా
ఎవ్వరికీ తేలలేదు.

దాబా మీదికెక్కినం.
యాంటెన్నాకు నాలుగు దిక్కుల మొగులు కనబడాలె,
ఇనుప గుంజల నీడ పడొద్దు.
బిచ్చ్యా పైపును ఎడమ చేత్తోని పట్టి
భుజం మొండిని ఆనిచ్చి నిలబెట్టిండు,
నేను బోల్టులు బిగించిన.
తెల్లటి పుట్టగొడుగు మొలిచింది.
ట్యాంకు మీద కోతులు కూసుండి
అది తినేదా, పీకేదా అని చూస్తున్నయి.
బిచ్చ్యా కిందికి పోయి
సర్కారు తుమ్మ కంప తెచ్చి పైపుకు చుట్టిండు.
నా మాన్యువల్‌ల ఈ ముచ్చట లేదు.

ముప్పై మీటర్ల కేబుల్.
మీటరుకు ఐదు నానోసెకన్ల ఆలస్యం,
నూట యాభై అని డబ్బకు చెప్పిన.
"గంత సన్నటి దానికి సుత లెక్కుంటదా?"
అన్నడు ఈదయ్య. నేను జవాబియ్యలే.

ఇగ ఉపగ్రహాల కోసం కూసున్నం.
ఒకటి దొరికింది. శానాసేపు ఒకటే.
రెండు. మూడు. మళ్ళ రెండు.
నాలుగు కావాలె, అప్పుడే
మనం ఎక్కడున్నమో, ఎప్పుడున్నమో తేలుతది.

"రాత్రి కరెంటు దినాలల్ల
గొర్రుకొయ్యలు నెత్తి మీదికొస్తే
మా నాయిన మోటరు కాడికి పోయేది."
మరి మొగులు పట్టిననాడు?
"అందాజ."
డబ్బకు సుత అంతే, కోతి కేబుల్ తెంపిననాడు
లోపలి స్ఫటికం అందాజ మీద నడుస్తది.

నాలుగోది కొండల దిక్కు నుంచి లేచింది.
ఎర్ర దీపం పచ్చగయింది.
కని పద్దెనిమిది సెకన్లు ముందున్నది.
ఈదయ్య తన చేతి గడియారం చూపి నవ్విండు:
"గిదీ నా లెక్కనే తొందర్ల ఉన్నది."
ఓపిక పట్టాలె, పై నుంచి తేడా ఎంతో
ఇంక చేరలేదన్న.
పది నిమిషాలకు అది వెనక్కి జరిగింది,
తప్పు ఒప్పుకున్నట్టు, సప్పుడు లేకుండ.

రిలే దిద్దుకున్నది. కంప్యూటర్ దిద్దుకున్నది.
గోడ గడియారానికి తీగ లేదు.
ఈదయ్య స్టూలెక్కి
వేలితోని ముల్లు తిప్పిండు.

దర్వాజ కాడ నిలబడి బిచ్చ్యా అడిగిండు, నన్నే:
"గా రాత్రి టైం చెప్తదా సారు?"
చెప్పదు. ఇయ్యాల్టి సందే.
తల ఊపి గేటు కాడికి పోయిండు.

పొద్దు గూకినంక సామాన్లు సదురుకొని నేను పోతుంటే
పుస్తకం తెరిచి, పెన్ను ఎత్తి
ఆవరణ అవతలికి కేకేసిండు:
"ఈదన్నా, టైమెంత?"

ఈదయ్య కిటికీల నుంచి తొంగి చూసిండు.
లోపలికి పోయిండు. మళ్ళ వచ్చిండు.
"ఆరు నలభై రెండు," అన్నడు,
కొంచెం ఆగి, "పందొమ్మిది సెకన్లు."

వాళ్ళిద్దరు మాట్లాడుకోక పది నెలలని
మల్లేపల్లి కాడ ఆటో పిలగాడు చెప్పిండు.